చలికాలంలో హైబ్రిడ్ కారు మైలేజ్ కాపాడుకోవడం ఎలా: మిన్నెసోటా చలిలో నేను చేసేవన్నీ

నవంబర్‌లో మా పిన్ని కొడుకు డాలస్ నుంచి మినియాపాలిస్‌కి మూవ్ అయ్యాడు. వాడి దగ్గర 2012 టొయోటా ప్రియస్ ఉంది, పెట్రోల్ ఇంజిన్‌తో పాటు పెద్ద బ్యాటరీ, మోటార్ కూడా ఉండే హైబ్రిడ్ కారు, డాలస్‌లో ఉన్నన్నాళ్లూ 50 ఎంపీజీకి (గ్యాలన్‌కి 50 మైళ్లు) తగ్గింది లేదంట. డిసెంబర్ రెండో వారంలో ఫోన్ చేసి "అన్నయ్యా, బండికి ఏదో అయింది, 36 వస్తోంది, మెకానిక్‌కి చూపిస్తే హైబ్రిడ్ బ్యాటరీ పోయింది మార్చాలి అంటున్నాడు, రెండు వేల డాలర్ల పైనే అవుద్దంట" అన్నాడు. గొంతులోనే తెలుస్తోంది వాడి భయం, కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, ఇంట్లో చిన్నపిల్ల. "ముందు ఒక్క డాలర్ కూడా పెట్టకురా, శనివారం నేను వచ్చి చూస్తా" అన్నా.

వెళ్లి చూస్తే బండి శుభ్రంగా ఉంది. టైర్లలో గాలి ప్రెషర్ 27 పీఎస్ఐ, ఉండాల్సిన దానికంటే చాలా తక్కువ. పొద్దున్నే బండి ఆన్ చేసి పావుగంట వదిలేసి పైకెళ్లి కాఫీ తాగి వస్తున్నాడు, హీటర్ 78 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో (కింద డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే) ఆటోలో పెట్టి అస్సలు ముట్టుకోడు, ఆఫీసేమో మూడున్నర మైళ్లు. బ్యాటరీకి రోగమేం లేదు, చలి సంగతి తెలియకపోవడమే. ఆ రోజు వాడికి కూర్చోబెట్టి చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ప్రతి చలికాలం ఎవరో ఒకరు ఇదే భయంతో అడుగుతారు, కొంతమంది నిజంగానే బ్యాటరీ మార్పించేసుకుని ఆ తర్వాత అడుగుతారు, అది వింటే నాకు చాలా బాధేస్తది.

ముందు ఒక మాట. చలిలో మైలేజ్ తగ్గడం మామూలే. అమెరికా ప్రభుత్వం ఫ్యూయెల్ ఎకానమీ లెక్కల ప్రకారం, 77 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో వచ్చే సిటీ మైలేజ్‌తో పోలిస్తే 20 డిగ్రీల దగ్గర మామూలు పెట్రోల్ కారుకి ఒక 15 శాతం తగ్గుద్ది, అదే హైబ్రిడ్‌కి 30 నుంచి 34 శాతం దాకా తగ్గొచ్చు. అంటే వేసవిలో 50 ఇచ్చే బండి 34, 35 చూపించినా అది జబ్బు కాదు. మినియాపాలిస్‌లో జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సగటున 9 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటది, అంటే సెల్సియస్‌లో మైనస్ 13. మన లంబసింగిలో సున్నాకి దగ్గరపడితేనే పేపర్లో వార్త. ఇక్కడ 2019 జనవరి 30న మైనస్ 28 ఫారెన్‌హీట్ చూశాం, అది సెల్సియస్‌లో మైనస్ 33. కాబట్టి వేసవి నంబర్ చలికాలంలో రావాలని పట్టుబట్టొద్దు. కానీ 35 దగ్గర ఆగిపోవాల్సిన పని కూడా లేదు, 42, 44 దాకా లాక్కురావచ్చు, నేను పదేళ్లుగా లాక్కొస్తున్నా.

హైబ్రిడ్‌కే ఎందుకు ఇంత దెబ్బ పడుద్ది అనేది అర్థమైతే మిగతావన్నీ మీకే తడతాయి. కారులో హీటర్ అంటే వేరే పొయ్యి ఏం కాదు, ఇంజిన్ వేడిని కూలెంట్ (ఇంజిన్ చుట్టూ తిరిగే ద్రవం) మోసుకొచ్చి డాష్‌బోర్డ్ వెనకాల ఉన్న చిన్న రేడియేటర్‌కి ఇస్తే ఫ్యాన్ ఆ వేడిని మన మీదకి ఊదుద్ది. మామూలు కారు ఇంజిన్ ఎలాగూ ఆగకుండా తిరుగుతూనే ఉంటది, వేడి ఎలాగూ వృథాగా పోయేదే, అందుకే హీటర్ వేసినా మైలేజ్‌లో పెద్ద తేడా తెలియదు. ప్రియస్ ఇంజిన్ పొదుపు మనిషి, 2010 మోడల్ నుంచి దాని థర్మల్ ఎఫిషియెన్సీ, అంటే పెట్రోల్ శక్తిలో పనికొచ్చే భాగం, గరిష్ఠంగా 38.5 శాతం, 2016 మోడల్ నుంచి 40 శాతం. పెట్రోల్‌ని ఎక్కువ పనికి వాడి తక్కువ వేడి వదులుద్ది, పైగా సిగ్నల్ దగ్గర, స్లోగా వెళ్లేటప్పుడు ఆగిపోద్ది. ఇప్పుడు మీరు 78లో హీటర్ పెట్టి సిగ్నల్ దగ్గర ఆగారనుకోండి, బండి నడపడానికి ఇంజిన్ అవసరం లేదు, కానీ మీకు వేడి కావాలి, కూలెంట్ చల్లబడుతోంది, దాంతో ఇంజిన్ మళ్లీ లేచి ఊరికే తిరుగుద్ది, కేవలం వేడి కోసం. మా అమ్మమ్మగారింట్లో పొద్దున్నే పెరట్లో కాగు కింద మంట పెట్టి ఇంటిల్లిపాదికీ నీళ్లు కాచేవాళ్లు, ఒకళ్ల తర్వాత ఒకళ్లు వెంటవెంటనే పోసుకుంటే నాలుగు కట్టెల్తో అయిపోయేది, గంటకొకళ్లు లేచి వస్తే మాత్రం మళ్లీ మళ్లీ ఎగదోయాల్సిందే. హైబ్రిడ్ కారు చలికాలంలో అచ్చం ఆ కాగే. తొందరగా కాగాలి, కాగిన వేడి పోకూడదు, ఉన్న వేడిని చూసి వాడుకోవాలి. కింద చెప్పేదంతా ఈ మూడింట్లో ఏదో ఒకటే.

అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది ట్రిప్పులు కలపడం. ఖర్చు లేదు, కష్టం లేదు. చల్లబడిపోయిన ఇంజిన్‌తో మూడు మైళ్లు వెళ్లి ఆపితే అది కాగేలోపే మీరు దిగిపోతారు, ఆ ట్రిప్‌లో 25 ఎంపీజీ వచ్చినా ఆశ్చర్యం లేదు. ఇలాంటివి రోజుకి నాలుగు వేస్తే యావరేజ్ ఏం మిగుల్తుంది. అందుకని పాలకి ఒకసారి, పిల్లల డ్యాన్స్ క్లాస్‌కి ఒకసారి, ఇండియన్ గ్రోసరీకి ఒకసారి అని విడివిడిగా వెళ్లకుండా ఒకే రౌండ్‌లో పెట్టుకోండి, అందులో కూడా దూరంగా ఉన్న చోటికి ముందు వెళ్లండి. మేం ఈడెన్ ప్రైరీలో ఉంటాం, మేపుల్ గ్రోవ్‌లో హిందూ టెంపుల్‌కి వెళ్లాలంటే 494 హైవే ఎక్కి ఇరవై మైళ్ల దాకా పోవాలి. వైకుంఠ ఏకాదశి కానీ సంక్రాంతి కానీ, ఆ రోజు నేను గుడికి ముందు వెళ్లి తిరిగొచ్చేటప్పుడే కూరగాయలు, గ్యాస్ (పెట్రోల్), లైబ్రరీ అన్నీ చూసుకుంటా, ఎందుకంటే ఒకసారి బాగా కాగిన ఇంజిన్ పావుగంట, ఇరవై నిమిషాలు ఆపినా పూర్తిగా చల్లారదు, మళ్లీ స్టార్ట్ చేస్తే తొందరగా దారికొస్తది. అదే చిన్నచిన్న షాపులతో మొదలుపెడితే ప్రతి చోటా సగం కాగి సగం చల్లారి అదే తంతు.

ఇక పొద్దున స్టార్టింగ్. ఆన్ చేసి పావుగంట వదిలెయ్యడం మానెయ్యండి, అంతసేపు మీ మైలేజ్ సున్నా, ఇంజిన్ కూడా లోడ్ లేకుండా చాలా నిదానంగా వేడెక్కుద్ది. 30 సెకన్లు ఆగి మెల్లగా కదిలితే చాలు, ఇప్పటి ఇంజిన్లకి అంతకంటే అక్కర్లేదు. అద్దాల మీద మంచు గీకే పని ఆన్ చెయ్యక ముందే చేసుకోండి, రూఫ్ మీద మంచు కూడా దులిపెయ్యండి, అది బరువు, గాలికి అడ్డు, పైగా బ్రేక్ వేసినప్పుడు జారి ముందు అద్దం మీద పడితే చాలా ప్రమాదం. ప్రియస్ ఆన్ చేసిన మొదటి నిమిషంలో ఇంజిన్ శబ్దం చేస్తది కానీ ఆ టైంలో అది చేసే ముఖ్యమైన పని పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని వేడి చేసుకోవడం, బండిని ఎక్కువగా లాగేది బ్యాటరీయే. ఆ ఒక్క నిమిషం పెడల్ మీద చాలా తేలిగ్గా ఉండండి, ఇంటి సందులోంచి మెయిన్ రోడ్డుకి వచ్చేదాకా నిదానంగా పోతే సరిపోద్ది. ఆ తర్వాత మరీ పాకుతూ పోనక్కర్లేదు, కొంచెం లోడ్ ఇస్తేనే ఇంజిన్ తొందరగా కాగుద్ది. ఈవీ బటన్ (బ్యాటరీ మీదే నడిపించేది) నొక్కి ఇంజిన్‌ని ఆపాలని చూడకండి, చలిలో చాలాసార్లు అది ఒప్పుకోదు కూడా, ఒప్పుకున్నా ఆ కరెంట్ మళ్లీ ఇంజినే నింపాలి.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి, మైలేజ్ కంటే ముఖ్యం. గ్యారేజ్ తలుపు మూసి హైబ్రిడ్‌ని రెడీలో (ఆన్ చేసి ఉంచి) అస్సలు పెట్టకండి. శబ్దం లేదు కదా ఆఫ్‌లోనే ఉందనుకుంటాం, పది నిమిషాల తర్వాత కూలెంట్ చల్లబడగానే ఇంజిన్ దానంతట అదే స్టార్ట్ అవుద్ది, గ్యారేజ్ నిండా కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు, గ్యారేజ్ పైన బెడ్‌రూమ్ ఉన్న ఇళ్లు ఇక్కడ ఎన్నో. దిగేటప్పుడు పవర్ బటన్ నొక్కి డ్యాష్ లైట్లు పోయాయో లేదో కళ్లతో చూసి దిగండి, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి.

హీటర్ దగ్గరకొస్తే, మా తమ్ముడికి ఒక్కసారిగా తేడా కనపడింది ఇక్కడే. స్టార్ట్ చేసిన మొదటి మూడు నాలుగు నిమిషాలు ఫ్యాన్ ఆఫ్‌లో పెట్టండి. ఆ టైంలో ఎలాగూ వచ్చేది చల్లగాలే, పైగా కాగబోయే కూలెంట్‌లోంచి ఉన్న కాస్త వేడి లాగేస్తాం. అద్దం మీద పొగమంచు పడుతుంటే మాత్రం ఆలోచించొద్దు, డీఫ్రాస్ట్ (అద్దం మీదకి గాలి ఊదే బటన్) వెయ్యండి, ముందు కనపడాలి. కూలెంట్ కాగాక 68 దగ్గర పెట్టుకుని, చేతులూ కాళ్లూ చల్లగా అనిపిస్తే సీట్ హీటర్ వేసుకోండి. సీట్ హీటర్‌కి అయ్యేది ఒక 50, 60 వాట్లు, క్యాబిన్ మొత్తం వేడి చెయ్యాలంటే కిలోవాట్లలో కావాలి, తేడా మీరే చూడండి. సీట్ హీటర్ లేని మోడల్ అయితే 12 వోల్ట్ సాకెట్‌లో పెట్టుకునే హీటెడ్ కుషన్లు దొరుకుతాయి, వాడికి అదే కొనిచ్చా.

ఆటో మోడ్‌లో ఫ్యాన్, టెంపరేచర్ బండి ఇష్టం, 78 అని అడిగితే 78 వచ్చేదాకా ఇంజిన్‌ని నిద్రపోనివ్వదు. ఎకో మోడ్ బటన్ నొక్కితే మూడో తరం ప్రియస్‌లో (2010 నుంచి 2015 దాకా వచ్చిన మోడళ్లు) పెడల్‌తో పాటు హీటర్ కూడా కొంచెం నెమ్మదిస్తది, చలికాలం మొత్తం నాది ఎకోలోనే ఉంటది. ఇంకో చిన్న కిటుకు: పెద్ద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే ఫ్యాన్ ఒక్క నిమిషం ఆపి చూడండి, కూలెంట్ సరిపడా కాగి ఉంటే ఇంజిన్ టక్కున ఆగిపోద్ది, అంటే అప్పటిదాకా అది తిరిగింది మీ హీటర్ కోసమే అన్నమాట. మా తమ్ముడు పక్క సీట్లో కూర్చుని ఇది చూసి "ఓహ్, దీనికోసమా ఇది అరుస్తోంది" అన్నాడు, అప్పుడే వాడికి బ్యాటరీ భయం పోయింది. ఫ్రంట్ డీఫ్రాస్ట్ నొక్కితే ఏసీ కంప్రెసర్ కూడా తిరుగుద్ది, తేమ లాగడానికి అది మంచిదే, కానీ అద్దం క్లియర్ అవ్వగానే మామూలు మోడ్‌కి మార్చండి, చాలామంది ఇంటినుంచి ఆఫీసు దాకా అందులోనే వదిలేస్తారు. బూట్ల మంచు బయటే దులుపుకుని ఎక్కితే లోపల తేమ తగ్గి డీఫ్రాస్ట్ అవసరమే తక్కువ పడుద్ది.

అయితే వెనక సీట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఇవన్నీ పక్కన పెట్టండి. అమ్మ వాళ్లు ఇండియా నుంచి వచ్చినప్పుడు నేను 74లో పెట్టి మైలేజ్ స్క్రీన్ వైపు చూడను కూడా చూడను.

టైర్లు. గాలి చల్లబడితే ముడుచుకుపోద్ది, ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి సుమారు 1 పీఎస్ఐ తగ్గుద్ది. డాలస్‌లో 80 డిగ్రీల ఎండలో కొట్టించిన గాలి ఇక్కడ 10 డిగ్రీల్లోకి వచ్చేసరికి 7 పీఎస్ఐ పోయినట్టే, వాడి టైర్లలో 27 ఎందుకుందో ఇప్పుడు లెక్క తెలిసిందిగా, ఎక్కడా పంక్చర్ లేదు. 15 ఇంచుల చక్రాలున్న ఆ ప్రియస్‌కి ముందు 35, వెనక 33 ఉండాలి, మీ బండికి ఎంతో డ్రైవర్ డోర్ తీస్తే స్టిక్కర్ మీద రాసుంటది, టైర్ మీద ఉండే నంబర్ చూడకండి, అది గరిష్ఠం. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, వెచ్చటి గ్యారేజ్‌లో గాలి చూసుకుని సరిపోయిందనుకోవడం. గ్యారేజ్‌లో 50, బయట సున్నా ఉంటే రోడ్డెక్కాక 5 పీఎస్ఐ తక్కువే ఉంటది. అందుకే రాత్రంతా బయట ఉన్నప్పుడు పొద్దున్నే బండి కదపక ముందు చూడండి, లేదా గ్యారేజ్‌లో కొట్టుకునేటప్పుడు ఆ తేడా కలుపుకుని కొట్టండి. గేజ్ పదిహేను డాలర్లు, చిన్న ఎలక్ట్రిక్ పంపు ఒకటి డిక్కీలో పెట్టుకుంటే మైనస్‌లో గ్యాస్ స్టేషన్ దగ్గర నిలబడే బాధ తప్పుద్ది.

వింటర్ టైర్లు వేస్తే మైలేజ్ కొంచెం తగ్గుద్ది, నిజమే. అయినా వెయ్యండి. 45 డిగ్రీల కింద మామూలు టైర్ రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తది, ఐస్ మీద బ్రేక్ వేసినప్పుడు ఆ రెండు మైళ్ల మైలేజ్ ఎవరికీ గుర్తురాదు. రోలింగ్ రెసిస్టెన్స్ తక్కువుండే వింటర్ టైర్లు అడిగి తీసుకోండి, నోకియన్ హక్కపెలీటా ఆర్ సిరీస్‌కి ఆ విషయంలో మంచి పేరుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పని, గ్రిల్ బ్లాకింగ్, అంటే బండి ముందుండే గ్రిల్ సందులు మూసెయ్యడం. ముందు బంపర్‌లో ఉండే సందుల్లోంచి మైనస్ డిగ్రీల గాలి నేరుగా ఇంజిన్ బే లోకి కొడుతుంటే మనం కష్టపడి కాచిన వేడి అంతా అక్కడే పోద్ది. హార్డ్‌వేర్ షాపులో నీళ్ల పైపులకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టాలు దొరుకుతాయి, ఆరడుగులది మూడు నాలుగు డాలర్లు. మూడో తరం ప్రియస్‌లో కింది గ్రిల్ అడ్డ పట్టీల్లా ఉంటది, గొట్టానికి నిలువునా చీలిక ఉంటది కదా, ఆ చీలికని పట్టీకి ఎదురుగా పెట్టి బొటనవేలితో నొక్కుకుంటూ ఒక చివర్నుంచి ఇంకో చివరిదాకా పోతే అదే కరుచుకుపోద్ది. చలిలో ఫోమ్ బిరుసెక్కి పగులుద్ది, ముందు రాత్రి ఇంట్లో పెట్టి వెచ్చగా ఉన్నప్పుడే బిగించండి, చివర్లు గ్రిల్ కంటే ఒక అంగుళం ఎక్కువ ఉంచి కోస్తే గాలికి ఊడిపోదు, అనుమానంగా ఉంటే రెండు జిప్ టైలు వేసుకోండి. అంతా మూసెయ్యకండి, హైబ్రిడ్‌లో ఇంజిన్‌తో పాటు ఇన్వర్టర్‌కి (బ్యాటరీ కరెంట్‌ని మోటార్‌కి సరిపడేలా మార్చేది) కూడా కూలెంట్ ఉంటది, దానికి గాలి కావాలి, అందుకే పై సందు ఎప్పుడూ వదిలేస్తా. ఇది చేసేవాళ్లు తప్పకుండా ఇరవై డాలర్ల ఓబీడీ గాడ్జెట్ (బండి కంప్యూటర్ లెక్కల్ని ఫోన్‌కి పంపేది) ఒకటి స్టీరింగ్ కింద పెట్టుకుని ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ చూసుకోవాలి, మామూలుగా 190, 200 ఫారెన్‌హీట్ దగ్గర ఆడుతుంటది, అది దాటి పైకి ఎక్కుతూ పోతుంటే ఒక గొట్టం పీకెయ్యండి. 2016 మోడల్ నుంచి వచ్చిన ప్రియస్‌లలో గ్రిల్ షట్టర్లని బండే తెరిచి మూస్తది, అవి ఉన్న బండికి ఫోమ్ పెట్టకండి.

ఓబీడీ పెట్టుకుంటే ఇంకో లాభం కూడా ఉంది, వేడి ఎంత సేపట్లో వస్తోంది, ఎక్కడ పోతోంది కళ్లముందే కనపడుద్ది. ఫోమ్ లేకుండా 10 డిగ్రీల పొద్దున నా బండి 494 మీద వెళ్తుంటే కూడా కూలెంట్ 160 దగ్గరే ఆగిపోయేది, ఫోమ్ పెట్టాక అదే దారిలో సగం దూరంలోనే 185 దాటింది. ఆ రోజు నుంచి ఏ చలికాలమూ ఫోమ్ లేకుండా నడపలేదు.

బ్లాక్ హీటర్ సంగతి. కెనడాలో విన్నిపెగ్‌లోనో సస్కటూన్‌లోనో ఉండేవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, అక్కడ పార్కింగ్ లాట్లలోనే ప్లగ్గులు ఉంటాయి. ఇంజిన్ బ్లాక్‌లో దానికోసమే ఉన్న గుంతలో దూరే కరెంట్ హీటర్ ఇది, ప్రియస్‌ది 400 వాట్లు. మూడో తరంలో ఆ గుంత ఇంజిన్ వెనక వైపు ఉంటది, వైపర్ల కింద ప్లాస్టిక్ అంతా విప్పితేగానీ చెయ్యి పట్టదు, సొంతంగా చేసే అలవాటు లేకపోతే మంచి మెకానిక్‌కి ఇవ్వండి, థర్మల్ గ్రీజ్ రాసి పెట్టమని చెప్పండి. రాత్రంతా పెట్టనక్కర్లేదు, బయల్దేరే ముందు రెండున్నర మూడు గంటలు చాలు, టైమర్ పెట్టుకోండి. మూడు గంటలకి 1.2 యూనిట్లు, యూనిట్ 15 సెంట్లు వేసుకున్నా 18 సెంట్లు. దానికి బదులు పొద్దున్నే సగం కాగిన ఇంజిన్ మీ చేతికొస్తది, హీటర్ ఒకటి రెండు నిమిషాల్లో వెచ్చగా ఊదుద్ది, ముఖ్యంగా మా తమ్ముడి లాంటి మూడున్నర మైళ్ల ఆఫీసులకి దీనంత ఉపయోగపడేది ఇంకోటి లేదు. ఎక్స్‌టెన్షన్ కార్డ్ అవుట్‌డోర్‌ది, మందంగా ఉండేది వాడండి, ఇంట్లో లైట్లకి వాడే సన్న వైరు వేడెక్కి కరిగిపోద్ది. బయల్దేరే ముందు ప్లగ్ పీకడం మర్చిపోకుండా నేను ఆ వైరుని డ్రైవర్ వైపు అద్దానికి ఒక చుట్టు చుడతా.

డ్రైవింగ్‌లో చెప్పాల్సింది తక్కువే. చల్లబడ్డ బ్యాటరీ తొందరగా చార్జ్ తీసుకోలేదు, గట్టిగా బ్రేక్ కొడితే ఆ శక్తి చాలావరకు బ్రేక్ ప్యాడ్లలో పోద్ది, అందుకే చాలా ముందునుంచే పెడల్ వదిలి మెల్లగా బ్రేక్ వెయ్యండి, ఐస్ మీద ఎలాగూ అదే మంచిది. గేర్ లివర్‌లో బి ఉంది కదా అని చార్జింగ్ కోసం వాడకండి, అది పెద్ద దిగుడు రోడ్ల కోసం, ఇంజిన్‌ని తిప్పి శక్తిని వృథా చేస్తది. హైవే మీద 75 మైళ్ల స్పీడ్ కాకుండా 63, 65లో పోండి. చల్లగాలి చిక్కగా ఉంటది, 70 డిగ్రీలతో పోలిస్తే 20 డిగ్రీల గాలి సుమారు పది శాతం బరువెక్కువ, స్పీడ్ పెరిగేకొద్దీ అది వెనక్కి తోస్తనే ఉంటది. చలికాలం గ్యాస్‌లో కూడా ఎనర్జీ కాస్త తక్కువే ఉంటది, చలిలో సులువుగా అంటుకోవాలని రిఫైనరీలో కలిపే పాళ్లు మారుస్తారు, దానికి మనం చేసేదేం లేదు. ఇంజిన్ ఆయిల్ మాత్రం మాన్యువల్‌లో ఉన్నదే పోయించండి, 0డబ్ల్యూ-20 (చలిలో కూడా పల్చగా ఉండే ఆయిల్ గ్రేడ్) అంటే 0డబ్ల్యూ-20నే, ఆయిల్ షాపులో ఉన్నదేదో పోస్తే పొద్దున ఇంజిన్ బెల్లం పాకంలో తిరిగినట్టు తిరుగుద్ది.

బ్యాటరీల గురించి రెండు మాటలు. మూడో తరం ప్రియస్‌లో హైబ్రిడ్ బ్యాటరీకి గాలి తీసుకునే వెంట్ వెనక సీటు పక్కన ఉంటది, చలికాలం జాకెట్లు, దుప్పట్లు సరిగ్గా దాని మీదే పడేస్తాం, ఖాళీగా ఉంచండి, దుమ్ముంటే వాక్యూమ్ చెయ్యండి. చలిలో నిజంగా మొరాయించేది చిన్న 12 వోల్ట్ బ్యాటరీ, మూడో తరం ప్రియస్‌లో అది డిక్కీలో ఉంటది. హైబ్రిడ్‌లో ఇంజిన్‌ని తిప్పేది పెద్ద బ్యాటరీయే, చిన్నది కంప్యూటర్లని లేపడానికి, అందుకే అది నీరసపడితే మామూలు కారులా గుర్రుగుర్రుమనదు, లైట్లు మినుకుమినుకుమని రెడీ రాదు, డ్యాష్ నిండా ఏవేవో వార్నింగులు, చూసినవాళ్లు పెద్ద బ్యాటరీ పోయిందని కంగారు పడతారు. నాలుగైదేళ్లు దాటితే చలికి ముందే టెస్ట్ చేయించండి. పెద్ద బ్యాటరీ పోయిందని ఎవరన్నా చెప్తే ఎర్రర్ కోడ్ చూపించమనండి, కోడ్ లేకుండా మైలేజ్ తగ్గిందని మాత్రమే అంటుంటే ఇంకోచోట చూపించండి.

లెక్క రాసుకోవడం అలవాటు చేసుకోండి. స్క్రీన్ మీద నంబర్ నిజం కంటే కొంచెం ఎక్కువే చూపిస్తది, ట్యాంక్ నింపినప్పుడల్లా మైళ్లని గ్యాలన్లతో భాగించి, పక్కన ఆ వారం చలి ఎంతో రాసుకోండి, మైనస్ 10 వారాన్ని 30 డిగ్రీల వారంతో పోల్చుకుని బాధపడొద్దు. కెనడాలో ఉన్నవాళ్లు 235ని ఎంపీజీతో భాగిస్తే వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లో వస్తది, 40 ఎంపీజీ అంటే 5.9 లీటర్లు, ఇండియాలో చెప్పాలంటే లీటర్‌కి 17 కిలోమీటర్లు.

మా తమ్ముడు గాలి కొట్టించుకుని, ఫోమ్ పెట్టి, పొద్దున పావుగంట ఐడ్లింగ్ మానేసి హీటర్ 68కి తెచ్చాడు, బ్లాక్ హీటర్ ఇంకా పెట్టించలేదు. సంక్రాంతి తర్వాత ట్యాంక్ నింపి ఫోన్ చేశాడు, "అన్నయ్యా, 42.6, చేత్తో లెక్కేశా" అని. ఆ వారం పొద్దున్నే 12, 15 డిగ్రీలే ఉంది.

ఏప్రిల్‌లో పగలు 45 దాటడం మొదలవ్వగానే ఫోమ్ గొట్టాలు పీకి గ్యారేజ్‌లో ఒక మేకుకి తగిలించండి, మళ్లీ ఏడాదికి పనికొస్తాయి. చలికి కలిపి కొట్టిన గాలి అప్పటికి ఎక్కువైపోయి ఉంటది, అది కూడా ఆ రోజే చూసుకోండి.